ఇంటిపేరు ఒకటే, ఇల్లు ఏది? ఒక మిరప వైరస్ మూలాన్ని వెతికిన కేసు

నేపథ్యం

తెగులు సోకిన ఆకులోంచి వైరస్ జన్యుక్రమాన్ని రాబట్టి, అంతకుముందు దొరికిన వాటి పక్కన పెట్టి, ఏది దేనికి దగ్గరి చుట్టమో వంశవృక్షం గీసి చూడడం నా పనిలో ఒక భాగం. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. అయినా కొన్నేళ్ల కిందట ఒక తగాదాలో నేను గీసిన చెట్టు నన్నే పక్కదారి పట్టించింది. ఆ సంగతిని నాకు పట్టిచ్చింది నింద మోస్తున్న మనిషి అడిగిన ఒక్క ప్రశ్న. అందుకే ఈ కేసు రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, సంవత్సరం, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. వరంగల్ చుట్టుపక్కల మిరప పండే పల్లెలు అనుకుంటే చాలు.

పత్తికి పెట్టేదానికంటే మిరపకు ఎకరానికి పెట్టుబడి చాలా ఎక్కువ. పండితే ఎనుమాముల మార్కెట్లో ఎర్రటి బస్తాల మధ్య తుమ్ముకుంటూ బేరమాడతారు. పండకపోతే కౌలు డబ్బు కూడా చేతికి రాదు. ఒకప్పుడు ప్రతి రైతూ చేను మూలన నారుమడి పోసుకునేవాడు. ఇప్పుడు చాలామంది నర్సరీల్లో షేడ్‌నెట్ (నీడ వల) కింద ప్రోట్రేలలో, అంటే గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలలో, పెంచిన నారును మొక్కకు ఇంత అని లెక్కకట్టి కొంటున్నారు. నారు కొన్న రైతు, అది నర్సరీలో పెరిగిన నలభై రోజుల్లో దానికి జరిగిన మంచిచెడ్డలను కూడా కొని ఇంటికి తెచ్చుకుంటాడు.

మిరప ఆకు ముడుచుకోవడానికి కారణాలు చాలా ఉంటాయి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది. నల్లి పీలిస్తే కిందికి ముడుచుకుంటుంది. మూడోది వైరస్: ఆకులు చిన్నవైపోయి, ఈనెలు దళసరెక్కి, మొక్క గుబురుగా గిడసబారిపోతుంది. రైతులు బొబ్బర అంటారు, కొందరు జెమిని అంటారు. జెమిని అన్న పేరు ఉత్తినే రాలేదు. ఈ కుటుంబపు వైరస్ రేణువు రెండు గుండ్లు అతికించినట్టు జంటగా ఉంటుంది. లోపల ఒంటిపోగు డీఎన్ఏ గుండ్రటి ఉంగరంలా ఉంటుంది, పొడవు సుమారు 2,750 అక్షరాలు (డీఎన్ఏ పోగులోని ఒక్కో పూసను మేము ఒక అక్షరం అంటాం). దీన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమ. ఒకసారి వైరస్ ఎక్కిన దోమ రోజుల తరబడి, చాలాసార్లు చచ్చేదాకా, దాన్ని మోస్తూనే ఉంటుంది. పురుగుమందు దోమను చంపగలదేమో కానీ, సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు.

వచ్చిన సమస్య

సెప్టెంబర్ ఆఖరు. ఐదు ఊళ్ల రైతులు, అందరూ ఒకే నర్సరీలో నారు కొన్నవాళ్లు, బొబ్బర పట్టిన మొక్కలు పీక్కుని వచ్చి నర్సరీ ముందు కుప్ప పోశారు. డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. తాను ఇచ్చినప్పుడు నారు పచ్చగా నవనవలాడుతూ ఉందనీ, చేలోకి వెళ్లాక సోకినదానికి తన పూచీ లేదనీ నర్సరీ యజమాని వాదన. మధ్యవర్తిత్వం చేస్తున్న వ్యవసాయ అధికారి నాకు ఫోన్ చేశారు. "కరోనా వచ్చినప్పుడు వైరస్ ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో చెట్లు గీసి చెప్పారు కదా సార్. ఇది నారుతో వచ్చిందా, లేదా? అంతే చెప్పండి" అన్నారు.

అవునో కాదో అని అడిగిన ఆ ప్రశ్నకు అక్కడే అడ్డుపడాల్సింది. నేను పడలేదు. అడిగినవారికి తొందర ఉంది, నాకేమో చెట్టు మీద నమ్మకం ఉంది.

మొదట చేసినది

పద్నాలుగు చేలనుంచి ఒక్కో నమూనా, నర్సరీలో మిగిలిన ట్రేలనుంచి నాలుగు, మొత్తం పద్దెనిమిది నమూనాలు తీసుకున్నాం. ప్రతిదానిలోనూ వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువులోంచి సుమారు 570 అక్షరాల ముక్కను పీసీఆర్‌తో (గొట్టంలో డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెంచి చదివించాం. ఆ ముక్కనే ఎందుకు ఎంచుకున్నానో దాచను. అది చవక, త్వరగా వస్తుంది. ఈ కుటుంబంలో అందరూ మొదట చదివేది అదే కాబట్టి, పోల్చుకోవడానికి ప్రపంచవ్యాప్త జన్యు నిధిలో బోలెడన్ని వరసలు దొరుకుతాయి.

చెట్టు ముచ్చటగా వచ్చింది. పద్దెనిమిదీ ఒకే కొమ్మ మీద ఒదిగి కూర్చున్నాయి. ఆ కొమ్మ ఎంత గట్టిదో కొలిచే బూట్‌స్ట్రాప్ విలువ 99. అంటే అక్షరాలను వెయ్యిసార్లు మార్చి మార్చి ఏరి చెట్టు గీసినా, 990 సార్లు ఈ పద్దెనిమిదీ ఒకచోటే చేరాయి. జన్యు నిధిలోని టమాటా వైరస్‌లన్నీ దూరంగా వేరే కొమ్మల మీద ఉన్నాయి.

గ్రామ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి అడిగితే, "చేలలో ఉన్నదీ నర్సరీలో ఉన్నదీ ఒకే గుంపు వైరస్" అన్నాను. మాటలో అబద్ధం లేదు. కానీ ఆ గదిలో ఉన్న నలభై మంది విన్నది వేరు. "నర్సరీ నుంచే వచ్చిందని సారే చెప్పారు" అన్న మాట నేను మెట్లు దిగేలోపే బయటికి వెళ్లిపోయింది.

ఆ గోలలో నర్సరీ యజమాని గొంతు పెంచలేదు. మనిషి పెద్దగా చదువుకోలేదు, పాతికేళ్లుగా నారు పోస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి, "నా దగ్గర నారు కొనని చేలలో కూడా ఆకు కోశారా సార్?" అని అడిగాడు.

కోయలేదు.

ఎక్కడ దెబ్బతిన్నాను

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది కానీ, అన్నం సహించలేదు. పరిశోధనలో మొదటి సంవత్సరం పిల్లలకు నేనే చెప్పే పాఠం అది: పోలిక చూపాలంటే పోలిక లేనిచోట కూడా చూడాలి. పద్దెనిమిది నమూనాలు ఒకే కొమ్మ మీద ఉన్నాయంటే రెండు అర్థాలు రావచ్చు. నర్సరీ వైరస్ చేలలోకి వెళ్లి ఉండవచ్చు. లేదా ఆ ప్రాంతమంతటా ఉన్నదే ఆ వైరస్ కావచ్చు. నేను తీసుకున్న నమూనాలు ఈ రెండింటినీ వేరు చేయలేవు.

మర్నాడే మళ్లీ బయలుదేరాం. ఈసారి ఆ నర్సరీతో ఏ సంబంధమూ లేని చేలు వెతికాం. మాకు బాగా పనికొచ్చింది చపాటా వేసిన ఇద్దరు రైతులు. చపాటా అంటే గుండ్రంగా టమాటాలా ఉండే, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న వరంగల్ మిరప. వాళ్లిద్దరూ విత్తనం ఇంట్లోనే దాచుకుని, నారు సొంతంగా పోసుకున్నవాళ్లు. వేరే నర్సరీల నారు వేసిన చేలు ఐదు, టమాటా మళ్లు నాలుగు, గట్ల మీది వయ్యారిభామ, పెరటి బొప్పాయి, ఇలా ముడత కనిపించినవన్నీ కోశాం. నర్సరీ వెనక పారబోసిన నారులోంచి మరో పన్నెండు మొక్కలు ఏరాం.

అదే 570 అక్షరాల ముక్కతో మళ్లీ చెట్టు గీస్తే, చపాటా చేలూ, వేరే నర్సరీల చేలూ కూడా అదే కొమ్మ మీదికి వచ్చి చేరాయి. యజమాని ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ ముక్క నర్సరీని నిర్దోషి అనలేదు, దోషి అని కూడా అనలేదు. పంచాయతీ ఆఫీసులో నేను చెప్పిన మాటకు విలువ సున్నా అని మాత్రం తేల్చింది.

ఈలోగా ఇంకో పుకారు. నా చెట్టు కాగితం ఎవరో ఫోన్లో ఫొటో తీసుకున్నారు. అందులో మన నమూనాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పాత వరస పొరుగు రాష్ట్రంలో దొరికినది. ఇంకేముంది, "విత్తనం అక్కడిది, రోగం అక్కడిది" అన్న మాట పుట్టింది. దీన్ని ఖండించడానికి నాకు ఒక పూట పట్టింది. జన్యు నిధిలో ఎవరు చదివించి పెడితే వారి ఊరి వైరస్ ఉంటుంది. మన చేలనుంచి ఎవరూ చదివించకపోతే, దగ్గరి చుట్టం ఎప్పుడూ పరాయి ఊరివాడిగానే కనిపిస్తాడు. ఓటరు జాబితాలో పేరు లేనంత మాత్రాన మనిషి ఊళ్లో లేనట్టు కాదు కదా.

చెట్టుకు వేరు ఎక్కడ పెట్టాలన్నదానిలో కూడా మొదట పొరపడ్డాను. ఏ కొమ్మ పాతది, ఏది కొత్తది అని చెప్పాలంటే గుంపుకు బయటి చుట్టం ఒకటి కావాలి. నేను మినుము, పెసరల్లో పల్లాకు తెగులు తెచ్చే వైరస్‌ను పెట్టాను. అది మరీ దూరపు చుట్టం. అంత పొడవు కొమ్మను అతికిస్తే వేరు ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది తప్ప సరైన చోట నిలబడదు. దాన్ని తీసి టమాటా ఆకుముడత వైరస్‌లు రెండింటిని పెట్టాక కానీ చెట్టు కుదుటపడలేదు.

రెండో జన్యువు, రెండో చెట్టు

ఒక ముక్కతో తేలకపోతే రెండో ముక్క చదవడం మా పనిలో ఆనవాయితీ. వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడే రెప్ అనే ప్రొటీన్ జన్యువును ఎంచుకున్నాం. రెండు చెట్లూ ఒకే బొమ్మ చూపిస్తాయని అనుకున్నాను. ఉంగరం ఒకటే కదా, దానిలో రెండు చోట్ల చదివితే చుట్టరికం ఎందుకు మారుతుంది?

మారింది. మొదటి పద్నాలుగు చేలలో ఎనిమిది నర్సరీ నారుతోనే ఉండిపోయాయి. ఆరు మాత్రం లేచి వెళ్లి టమాటా వైరస్‌ల పక్కన కూర్చున్నాయి. చపాటా చేలలో ఒకటీ, వేరే నర్సరీల చేలలో మూడూ వాటి వెంటే వెళ్లాయి.

రెండు చెట్లు గొడవపడితే ఒకదాన్ని పారేయడం తప్పు. ఆ గొడవే సమాచారం. జెమిని వైరస్‌లలో ఒకే మొక్కలోకి రెండు రకాలు చేరితే, నకళ్లు తీసుకునేటప్పుడు ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుపోతుంది. దీన్ని రీకాంబినేషన్ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే దత్తత. పైపొర జన్యువు ఇంటిపేరు లాంటిది. దత్తత వెళ్లిన పిల్లవాడికి ఇంటిపేరు ఒక ఇంటిది, రక్తం ఇంకో ఇంటిది. ఇంటిపేర్లు మాత్రమే రాసుకుని వంశవృక్షం గీస్తే వాడు పుట్టిన ఇల్లు ఎప్పటికీ తెలియదు.

ఇలాంటిది పెద్ద ఎత్తున జరిగిన ఉదాహరణ ఉగాండాలో ఉంది. 1990లలో అక్కడ కర్రపెండలం పంటను తుడిచిపెట్టిన వైరస్‌లో పైపొర జన్యువు నడిమి భాగం ఆఫ్రికా కర్రపెండలం మొజాయిక్ వైరస్‌ది. ఆ ఉంగరంలో మిగిలినదంతా తూర్పు ఆఫ్రికా రకానిది. పైపొర ఒక్కటే చూసినవారికి అది పాత పరిచయస్తుడిలాగే కనిపించి ఉండేది.

అయితే వెంటనే దత్తత అని తీర్పు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకసారి చెయ్యి కాలింది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు విడివిడిగా ఉండి ఉంటే? ఒక పీసీఆర్ ఒకదాన్ని, రెండో పీసీఆర్ ఇంకోదాన్ని పట్టుకుని ఉంటే? అప్పుడు రెండు చెట్లు వేర్వేరు వైరస్‌ల గురించి మాట్లాడుతున్నట్టు. అంతకంటే ప్రమాదం, పీసీఆర్ గొట్టంలోనే సగం తయారైన పోగు ఒకటి రెండోదానికి అతుక్కుని, ప్రకృతిలో లేని అతుకును మనమే తయారుచేసే అవకాశం ఉంది.

అందుకని దారి మార్చాం. గుండ్రటి డీఎన్ఏను పీసీఆర్ లేకుండా, ఫై29 అనే ఎంజైముతో ఉంగరం వెంట తిప్పి తిప్పి పెంచి, ఒకేచోట కోసే కత్తెర ఎంజైముతో తెంపి, ఒక్కో ఉంగరాన్ని విడిగా బ్యాక్టీరియాలో పెట్టి పెంచాం. అలా వచ్చిన ఒక్కో క్లోను ఒకే ఒక్క వైరస్ అణువుకు నకలు. ఒక్కో మొక్కనుంచి మూడు నాలుగు క్లోన్లు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివించాం. ఖర్చు ముందు పనికి ఐదింతలు అయింది, రెండు నెలలు పట్టింది. రైతులు ఈలోగా మిరప పీకేసి మొక్కజొన్న వేసుకున్నారు. ఆ ఆలస్యానికి నా దగ్గర ఇప్పటికీ సంజాయిషీ లేదు.

ఫలితం మాత్రం గట్టిగా వచ్చింది. ఒకే క్లోనులో, అంటే ఒకే అణువులో, మిరప వైరస్ పైపొరా టమాటా వైరస్ రెప్ భాగమూ కలిసే ఉన్నాయి. అతికిన ముక్క పొడవు సుమారు 900 అక్షరాలు. నన్ను ఒప్పించినది ఇంకొకటి: వేర్వేరు ఊళ్ల ఐదు మొక్కల్లోనూ అతుకు పడింది ఒకే చోట. గొట్టంలో పొరపాటున పడే అతుకులైతే తలోచోట పడతాయి. ఒక కొస, నకలు తీయడం మొదలయ్యే తొమ్మిది అక్షరాల వరస పక్కనే ఉంది. ఈ కుటుంబంలో అతుకులు ఎక్కువగా పడే చోటు కూడా అదే.

సౌకర్యం కోసం అతుకు లేనిదాన్ని మొదటి రకం అనీ, అతుకు ఉన్నదాన్ని రెండో రకం అనీ అనుకున్నాం. రెండింటి పూర్తి వరసల మధ్య పోలిక 93 శాతం. ఈ వైరస్‌లలో 91 శాతం దాటితే జాతి ఒకటే, 94కు తగ్గితే స్ట్రెయిన్ (జాతిలో ఉపరకం) వేరు అన్నది నియమం. కాబట్టి కొత్త జాతి కాదు, కొత్త స్ట్రెయిన్. ఇక్కడ మా కుర్రవాళ్లు కొత్త పేరు పెడదామని ఉబలాటపడ్డారు. రైతు చేలో బొబ్బరకు పేరు ఏదైతేనేం అని నేను కసిరాను, తర్వాత బాధపడ్డాను.

ఆ తర్వాత ఉంగరాన్ని అతుకు దగ్గర రెండుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక్కో చెట్టు గీశాం. అతుకు ఉన్న జన్యుక్రమానికి మొత్తంగా ఒకే చెట్టు గీయడమంటే తండ్రి గోత్రాన్నీ మేనమామ గోత్రాన్నీ కలిపి సగటు తీయడమే.

రెండో రకం ఎక్కడెక్కడ ఉంది? ఆరు చేలలో, చపాటా చేను ఒకదానిలో, వేరే నర్సరీల చేలు మూడింటిలో, టమాటా మళ్లు రెండింటిలో. నర్సరీ నారులో, ట్రేలవీ పారబోసినవీ కలిపి పదహారు మొక్కల్లో, ఒక్కదానిలోనూ లేదు. పదహారింటిలో లేకపోతే నర్సరీలో లేనట్టేనా? లెక్క వేశాను. నారులో నూటికి పది మొక్కలకు రెండో రకం సోకి ఉన్నా, పదహారు మొక్కలు ఏరితే ఒక్కటీ తగలకుండా తప్పిపోయే అవకాశం నూటికి 19. కొట్టిపారేసేంత చిన్నది కాదు. అయితే రెండో రకం ఉన్న చేలన్నీ టమాటా మళ్ల వైపే ఉన్నాయి, జబ్బు మొక్కలు టమాటా గట్టు పక్క సాళ్లలోనే గుంపుగా ఉన్నాయి, సొంత నారు వేసిన చపాటా చేనుకు కూడా అదే సోకింది. ఇవన్నీ కలిపి చూస్తే ఆ ఆరు చేల పాపం నర్సరీది కాదని చెప్పడానికి నాకు సంకోచం లేకపోయింది.

మిగిలిన ఎనిమిది

అసలు చిక్కు మొదటి రకంతో. నర్సరీలోనూ అదే, ఎనిమిది చేలలోనూ అదే, నర్సరీతో సంబంధం లేని చేలలోనూ అదే. పూర్తి వరసలు చేతికొచ్చాయి కాబట్టి, ఏ చేను వరస నర్సరీ వరసకు ఎక్కువ దగ్గరో చూస్తే తేలిపోతుంది కదా అని అధికారి అడిగారు. నేనూ ఒక క్షణం అలాగే ఆశపడ్డాను.

ఇక్కడ కూర్చుని కూడికలు చేయాల్సి వచ్చింది. టమాటా పసుపు ఆకుముడత వైరస్ మీద 2008లో వచ్చిన లెక్క ప్రకారం, ఈ తరహా వైరస్‌లో ఒక్కో అక్షరం ఏడాదికి సుమారు 0.000288 వంతున మారుతుంది. 2,750 అక్షరాలకు ఏడాదికి 0.8 మార్పు. ఏడాది తిరిగినా ఒక్క అక్షరం పూర్తిగా మారదన్న మాట! నర్సరీ వదిలి చేలో నలభై అయిదు రోజులు గడిచేసరికి 0.1. ఒక మొక్కలోనే నాలుగు క్లోన్లు చదివితే వాటి మధ్య ఒకటి రెండు అక్షరాల తేడా ఎలాగూ కనిపిస్తోంది. అంత మందగొడిగా నడిచే గడియారంతో, ఒక్క పంటకాలంలో వైరస్ ఎవరి దగ్గరనుంచి ఎవరి దగ్గరికి వెళ్లిందో చెప్పడం కుదరదు. ఇంటిపేరు, రక్తం రెండూ కలిసినా దాయాదులని తెలుస్తుంది. ఎవరి గొడ్డలి ఎవరు ఎత్తుకెళ్లారో తెలియదు.

చెట్టు ఇలాంటి తగాదా తీర్చిన సందర్భం లేకపోలేదు. లిబియాలోని బెంఘాజీ ఆసుపత్రిలో 400కు పైగా పిల్లలకు హెచ్ఐవీ సోకించారని ఐదుగురు బల్గేరియా నర్సుల మీద, ఒక పాలస్తీనా డాక్టరు మీద నేరం మోపి మరణశిక్ష వేశారు. వారు అక్కడికి వచ్చింది 1998 మార్చిలో. పిల్లల్లో దొరికిన వైరస్‌ల వంశవృక్షాన్ని కాలంతో ముడిపెట్టి చూస్తే, ఆ వైరస్‌లు అంతకుముందునుంచే ఆసుపత్రిలో తిరుగుతున్నాయని 2006లో తేలింది. అక్కడ చెట్టు ఎందుకు పనిచేసింది? హెచ్ఐవీ ఏటా పదుల అక్షరాలు మార్చుకుంటుంది, తేల్చాల్సిన కాలమూ ఏళ్లలో ఉంది. మన వైరస్ ఏడాదికి ఒక్క అక్షరం కూడా నిండుగా మార్చుకోదు, తేల్చాల్సిన కాలమేమో ఆరు వారాలు. పరికరం అదే, పని వేరు.

చెట్టును పక్కన పెట్టి

కాబట్టి ఎనిమిది చేల సంగతి తేల్చడానికి జన్యువులను వదిలి తేదీలు పట్టుకున్నాం. తెల్లదోమ కుట్టిన తర్వాత మిరపలో ముడత కంటికి కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాటిన పదిరోజుల లోపే ముడత స్పష్టంగా ఉంటే, ఆ మొక్క నర్సరీ గడప దాటకముందే వైరస్ ఎక్కించుకుంది. నెల తర్వాత మొదలైతే చేలోనే సోకి ఉండవచ్చు. ఎక్కడ మొదలైందన్నది రెండో సాక్ష్యం. నారుతో వస్తే జబ్బు మొక్కలు చేనంతా చల్లినట్టు అక్కడొకటి అక్కడొకటి ఉంటాయి. పక్క చేలోంచి దోమలు తెస్తే గట్టు వైపు గుంపుగా మొదలై లోపలికి పాకుతుంది.

ఈ తేదీలు ఎవరు రాసిపెట్టుకుంటారని నేను నిరాశపడుతుంటే, ఒక రైతు కొడుకు తన ఫోను తెరిచి చూపించాడు. నాటిన దగ్గరనుంచీ దుకాణంవాళ్లకు మందు అడగడానికి పంపిన ఫొటోలు, తేదీలతో సహా. ఆ సంగతి మిగతావాళ్లకు చెప్పాక ఎనిమిది కుటుంబాలూ ఫోన్లు తెచ్చారు. మేము లక్షలు పోసి చదివించిన జన్యుక్రమాలు చెప్పలేనిది దుకాణానికి పంపిన ఫొటోలు చెప్పాయి. మూడు చేలలో నాటిన తొమ్మిది పది రోజులకే, చేను నడుమ విడివిడిగా ముడత. రెండు చేలలో నెల దాటాక, గట్టు పక్కన. మిగిలిన మూడింటి ఫొటోలు తేల్చడానికి చాలలేదు.

పది రోజుల్లోపే ముడత కనిపించిన మూడు చేలకూ నారు వెళ్లిన తేదీలు కావాలన్నాను. నర్సరీ యజమాని తన లెక్కల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూడూ ఆఖరి విడత నారే. గాలివానకు పడమటి వైపు షేడ్‌నెట్ చిరిగిన వారం తర్వాత పంపినది. ఆ సంగతి నేను కనిపెట్టలేదు, తేదీ చూసి ఆయనే చెప్పాడు. "అప్పుడే అనుమానం వచ్చింది సార్. కుట్టించాను, కానీ నాలుగు రోజులు ఆలస్యమైంది" అన్నాడు. ఆ పుస్తకాన్ని ఆయన దాచుకుని ఉంటే నా దగ్గర మరో దారి లేదు.

నివేదిక

నివేదికలో మూడు మాటలు రాశాను. ఆరు చేలకు సోకినది టమాటా వైపునుంచి వచ్చిన అతుకు రకం, దానికి నర్సరీతో సంబంధం కనిపించలేదు. మూడు చేలకు ఆఖరి విడత నారుతోనే వచ్చి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉంది. దీనికి ఆధారం నాటిన తేదీలూ ఫొటోలూ, వంశవృక్షం కాదు. మిగిలిన ఐదింటిలో రెండు చేలకు బయటనుంచి సోకినట్టు ఫొటోలు సూచిస్తున్నాయి, మూడింటిని తేల్చలేం. మొదటి సమావేశంలో నేను అన్న మాట ఆధారం లేనిదని కూడా రాశాను. అధికారి ఆ వాక్యం తీసేద్దామన్నారు. ఉంచమన్నాను. గాలిలో వదిలిన మాటకు కాగితం మీదైనా జవాబు ఉండాలి.

ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. యజమాని ఆ ముగ్గురికీ నారు డబ్బు వెనక్కి ఇచ్చాడు. మిగిలినవాళ్లలో ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

ఇప్పుడు ఏం మార్చుకున్నాను

ఇలాంటి ఫోన్ వస్తే మొదట అడుగుతున్నది, ఏ రెండు కథల మధ్య తేల్చాలి అని. ఆ రెండు కథల్లో చెట్టు ఒకేలా వచ్చేట్టయితే ఆకు కోయడమే దండగ. నింద పడినవారి నమూనాలకు కనీసం సమానంగా, సంబంధం లేనివారి నమూనాలు తీసుకోనిదే పని మొదలుపెట్టను. ఈ కుటుంబపు వైరస్‌లలో ఒక్క జన్యువు చెట్టును బయటివారికి చూపించడం పూర్తిగా మానేశాను. గడియారం లెక్క ముందే వేస్తాను, పది నిమిషాల పని. ఇక ముఖ్యంగా, ఫలితం చెప్పేటప్పుడు "ఒకే గుంపు" అన్న మాట నోట రానివ్వను. ఎదుటివారు దాన్ని "అక్కడినుంచే" అని వింటారు. అది వారి తప్పు కూడా కాదు, మాటకు ఆ బలం ఉంది.

తర్వాతి ఏడాది జూన్‌లో యజమాని మళ్లీ వచ్చాడు. దోమ దూరని సన్నకన్నుల వల బిగించాడు, చుట్టూ మూడు వరసల జొన్న వేశాడు, పసుపు జిగురు అట్టలు కట్టాడు. ప్రతి విడత నారునూ అమ్మేముందు పరీక్షించి కాగితం ఇస్తారా అని అడిగాడు. ఎన్ని మొక్కలు తెస్తావంటే ఇరవై అన్నాడు. నూటికి ఐదు మొక్కలు సోకి ఉన్న విడతలో ఇరవై ఏరితే, ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం నూటికి 36. అరవై ఏరితే నూటికి 5కు తగ్గుతుంది. ఇది పుస్తకం మీద వేసి చూపిస్తే తల ఊపి వెళ్లిపోయాడు. అరవై మొక్కలు పాడుచేసుకోవడం ఎందుకనుకున్నాడేమో అనిపించింది.

జూలై మూడో వారంలో కట్ట వచ్చింది. తడి గోనెలో చుట్టిన అరవై మొక్కలు, లెక్కపెట్టాం. వాటితోపాటు నేను అడగని చిన్న కవర్లు రెండు ఉన్నాయి. ఒకదాని మీద "పక్క చేను టమాటా" అనీ, రెండోదాని మీద "మన నారు కాదు, చపాటా" అనీ రాసి ఉంది.